ఏడు స్టోన్ల బరువు

పోయిన వేసవిలో మా మనవరాలు నన్ను ఇంగ్లండు తీసుకువెళ్లింది. వయసులో ఉండగా నర్సు పని నేర్చుకున్న ఊరిని ఒక్కసారి మళ్లీ చూడాలని నేను పోరుతూ ఉంటే, ఈ ముసలిదాని నస వినడం కంటే టికెట్లు కొనడమే నయమనుకుంది కాబోలు. మేం దిగిన ఇంట్లో స్నానాల గది మూల ఒక బరువు చూసుకునే యంత్రం ఉంది. ఈ వయసులో అలాంటిదాని జోలికి పోవడం కోరి కష్టం తెచ్చుకోవడమే అయినా కాలు ఊరుకోలేదు, ఎక్కాను. ముల్లు పది దాటి ఆగింది. మనవరాలు తొంగి చూసి, పది కిలోలేమిటి అమ్మమ్మా, యంత్రం చెడిపోయిందని తేల్చేసింది. చెడిపోలేదే, ఇవి స్టోన్లు, ఇక్కడివాళ్లు మనుషుల్ని ఇలాగే తూస్తారని చెబితే, ఫోన్ తీసి రెప్పపాటులో అరవై నాలుగు కిలోలని లెక్క చెప్పింది. అంతకుముందు దారిపొడవునా మైళ్లను కిలోమీటర్లుగానూ, సీసాలో పాలను లీటర్లుగానూ మారుస్తూనే ఉంది. నేను వెళ్లి మంచం మీద కూర్చుని ఒకటే నవ్వు. ఎందుకు నవ్వుతున్నానో దానికి చెప్పబోతే మాట మధ్యలో కన్నీళ్లు వచ్చాయి. అప్పుడు సగంలో ఆగిపోయింది ఇప్పుడు పూర్తిగా రాస్తున్నాను.

నా ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు, మనది రెండు కొలతల మధ్య నలిగిన తరం. రెండో తరగతిలో తులాలూ సేర్లూ మణుగులూ బట్టీ పట్టి, అవి నోటికి వచ్చేసరికి ఇవన్నీ మరిచిపోండి, ఇకనుంచి గ్రాములూ కిలోలూ అన్నారు. దుకాణాల్లో కిలో తూకపు బాట్లు వచ్చినా మా అమ్మ మాత్రం సేరు లెక్కనే అడిగేది, దుకాణదారు కిలో తూచి సేరనే ఇచ్చేవాడు, ఇద్దరికీ అభ్యంతరం ఉండేది కాదు. బట్ట గజాల్లో, దూరం మైళ్లలో, జ్వరం ఫారెన్‌హీట్‌లో. బడిలో మార్కులకు ఒక లెక్క, ఇంట్లో బతుకుకు ఒక లెక్క. అందువల్ల ఏ కొలతకు ఏది సమానమో మాలో ఎవరికీ గట్టిగా తెలియదు, కానీ ప్రతి ఒక్కరికీ తెలుసన్న ధీమా మాత్రం ఉండేది.

మేము నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చినవాళ్లం. నాయన ద్రాక్షతోటలో మేస్త్రీ. ఇప్పుడు ఎల్.బి. నగర్ చౌరస్తాలో నిలబడి ఇక్కడంతా ద్రాక్షతోటలుండేవంటే పిల్లలు నన్ను జాలిగా చూస్తారు గానీ, దిల్‌సుఖ్‌నగర్ దాటితే హయత్‌నగర్ దాకా రోడ్డుకు రెండు వైపులా పందిళ్లే. అంగూరు తోటలనేవాళ్లం. మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో, ఒకే ఇంటిలో రెండు వాటాలు, నడుమ ఒక బావి. మా వాటా పక్క వాటాలో గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చిన ఒక కుటుంబం కిరాయికి ఉండేది. ఆయన సర్కారు ఆఫీసులో లెక్కల విభాగంలో గుమాస్తా. నేను బాబాయిగారు, పిన్నిగారు అని పిలిచేదాన్ని, వాళ్లే అలా పిలవమన్నారు. నాయనకు మాత్రం ఆయన ఎప్పుడూ సారే. బాబాయిగారు మాట్లాడకుండా ఉండటం మేమెవరమూ ఎరుగం. బావి దగ్గర మొహం కడుక్కుంటూ మొదలుపెట్టిన మాట ఆఫీసుకు వెళ్లేదాకా సాగేది, సాయంత్రం సైకిలు దిగుతూనే ఎక్కడ ఆపారో అక్కడినుంచే అందుకునేవారు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం వచ్చింది. కాలేజీలు మూతపడ్డాయి, నా చదువు అటకెక్కింది. నాయన మనసు ఉద్యమం వైపే, మా కొలువులు మాకే రావాలనేవాడు, అందులో దాపరికం లేదు. మా పెదనాయన కొడుకు ఊరేగింపుల్లో తిరిగి దెబ్బలు తిన్నాడు కూడా. పక్క వాటాలో పిన్నిగారు ట్రంకుపెట్టెలు సర్ది తలుపు దగ్గర పెట్టుకుని, రేపో మాపో వెళ్లిపోవాల్సి వస్తుందేమోనని బిక్కుబిక్కుమంటూ ఉండేది. పోట్లాడుకున్నది లేదు గానీ, ఇంతకుముందు బావి దగ్గర లోకంలోని సంగతులన్నీ ముచ్చటించుకున్న ఇద్దరు పెద్దమనుషులు ఇప్పుడు బొక్కెన వంతు వచ్చేదాకా తలలు వంచుకుని నిలబడేవాళ్లు. ఏ మాట ఎత్తినా ఎటు పోతుందోనని ఇద్దరికీ భయం.

అప్పుడే మా చర్చి పెద్దల ద్వారా నాకొక అవకాశం వచ్చింది. ఇంగ్లండులో ఒక ఆసుపత్రి వాళ్లు మన దేశపు అమ్మాయిలను తీసుకువెళ్లి, జీతమిచ్చి నర్సు పని నేర్పిస్తున్నారు. ఎంపిక చేసే డాక్టరమ్మ నన్ను కింది నుంచి పై దాకా చూసి, చదువు సరిపోతుంది, ఇంగ్లీషూ పర్వాలేదు, మనిషివే కనబడటం లేదు, వేసవి చివర వైద్య పరీక్ష నాటికి కనీసం ఏడు స్టోన్లయినా తూగాలని చెప్పి పంపేసింది. స్టోనంటే ఎంతండీ అని అడగడానికి నోరు రాలేదు. అడిగితే నా సన్నదనం ఆమెకు ఇంకా బాగా గుర్తుండిపోతుందనిపించింది. ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. తెల్లబట్టల్లో, ఎవరికీ జంకకుండా, వార్డు వరండాల్లో టకటకా నడిచే ఆడవాళ్లను ఒకసారి చూసినప్పటినుంచీ నాకు వేరే కోరిక లేదు. చదువు ఆగిపోయిన ఆ ఏడు ఇది కూడా పోతే, ఆ తోటలోనే పళ్లు ఏరుతూ మిగిలిపోతానని లోలోపల హడలిపోయాను.

సంగతి బావి దగ్గర బయటపడింది. ఎన్నాళ్లకో బాబాయిగారికి నోరు విప్పే సాకు దొరికింది. స్టోనంటే పద్నాలుగు పౌండ్లో పదిహేను పౌండ్లో, చిన్నప్పుడు చదివిందే గానీ గుర్తు లేదన్నారు. "ఎక్కువుంటే నష్టం లేదండీ మేస్త్రీ గారూ, తక్కువైతేనే ప్రమాదం. ఎందుకైనా మంచిది, పదిహేనే అనుకుందాం," అని ఏడు స్టోన్లను నూట అయిదు పౌండ్లు చేశారు. కిలోకు రెండు పౌండ్లు కదా అని దాన్ని సగం చేసి, యాభై రెండున్నర అంటే యాభై మూడు అనుకోమన్నారు. ఆసుపత్రి యంత్రాలు కాస్త తక్కువ చూపిస్తాయేమోనని ఇంకో రెండు కలిపి యాభై అయిదు కిలోలని తేల్చారు. ఆఫీసులో ఆయన లెక్క తప్పడం ఎరగమని అందరూ అనేవారు కాబట్టి మేము నోరెత్తలేదు.

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూనే నాయన నన్ను సైకిలు మీద తోటకు తీసుకుపోయాడు. బాబాయిగారు వెనకాల తన సైకిలు మీద వచ్చారు. తోటలో పళ్ల బుట్టలు తూచే పెద్ద కాటా ఉండేది, మూడు దుంగలకు వేలాడగట్టిన ఇనప దండె, ఇటు చెక్క పళ్లెం, అటు చెక్క పళ్లెం. నేను ఒక పళ్లెంలో గొంతుక్కూర్చుంటే నాయన అవతలి పళ్లెంలో బాట్లు పేర్చాడు. నలభై మూడు. అంటే ఇంకా పన్నెండు కిలోలు కావాలి. అది నా వల్ల కాదని నేను పళ్లెం దిగిపోయాను. బాబాయిగారు మాత్రం యజ్ఞానికి సంకల్పం చెప్పుకున్నట్టు, ఇంకేం, తినిపించడమే అన్నారు.

తినిపించారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ కడుపు బరువెక్కుతుంది. అప్పుడు మాకు శ్రమదినాలు, ఈస్టరు ముందు ఉపవాసాల కాలం. అమ్మ తాను పొద్దంతా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా, నా ముందు కూర్చుని ఇంకో రొట్టె, ఇంకో గుడ్డు అని బతిమాలేది. నాకు పాపమనిపించి పాస్టరుగారిని అడిగితే, వైద్యం కోసం తింటే తప్పులేదని అభయమిచ్చారు, ఆ అభయం నా పాలిట శాపమైంది. బందుల మూలంగా లారీలు తిరగక తోటలో పళ్లు బజారుకు పోయేవి కావు, కోసిన పళ్లు కుళ్లిపోతుంటే యజమాని మొహం మాడిపోయేది, నాయన బుట్టలకొద్దీ ఇంటికి తెచ్చేవాడు. ఇక పిన్నిగారు మినుములు దోరగా వేయించి, విసిరి, బెల్లమూ నెయ్యీ పోసి సున్నుండలు కట్టేది. ఊరికి పోతామో ఉంటామో తెలియని మనిషి, పెట్టెలు సర్దుకున్న ఇంట్లో, నా కోసం రోజూ తిరగలి ముందు కూర్చునేది. నేను వద్దంటే, ఆడపిల్లవి, గట్టిగా ఉండాలి, నోరు తెరువమని గదమాయించేది. గడప దాటి ఉండలు ఇటు వస్తే ద్రాక్షలు అటు వెళ్లేవి. ఆ వేసవిలో రెండు ఇళ్ల మధ్య భయం లేకుండా మాట్లాడుకోవడానికి మిగిలిన సంగతి నా బరువొక్కటే. వీధిలో ఏ గొడవ జరిగినా, ఆఫీసులో ఏ మాట పడి వచ్చినా, బాబాయిగారు బావి దగ్గర నాయనను అడిగేది అమ్మాయి పొద్దున ఏం తిన్నదని మాత్రమే.

ఆదివారాలు గడిచాయి. కాటా నలభై నాలుగు చూపించింది, నలభై అయిదు చూపించింది, పరీక్షకు ముందు ఆదివారం నలభై ఆరు దగ్గర మొండికేసింది. ఎంత తిన్నా అంతే. బాబాయిగారు బాట్లన్నీ దించి మళ్లీ పేర్చి చూసి, చివరికి వచ్చే ఏడు మళ్లీ పిలుస్తారులే అమ్మా అన్నారు. ఆయన గొంతులో నమ్మకం లేదు. ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను. పరీక్ష రోజున బందు ప్రకటించారని తెలిసి, తొమ్మిది కిలోలు తక్కువ పెట్టుకుని ఈ గొడవల్లో ఎందుకు, ఊరుకుందామన్నాడు నాయన. అప్పుడు మాట్లాడింది మా అమ్మ. "తూకం తక్కువొస్తే ఇంటికొస్తరు, గంతే గద. పోకుంటే ఎన్నటికి తెల్వది. గా పిన్ని ఇన్ని దినాలు మినుములు ఏంచింది ఊకెనా?" అంది. ఆ చివరి మాట విని నాయన రేపటికని కండువా ఉతుక్కోవడానికి లేచాడు.

తెల్లవారి మేం బయలుదేరబోతుంటే బాబాయిగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. లెక్క తనదేననీ, డాక్టరమ్మతో ఇంగ్లీషులో మాట్లాడి, ఈ పిల్ల ఎదిగే పిల్ల, ఇంకో రెండు నెలలు గడువివ్వండని అడుగుతాననీ, రాత్రంతా ఏం మాట్లాడాలో అనుకున్నాననీ చెప్పారు. పిన్నిగారు లోపలినుంచి వద్దు వద్దని తల ఊపుతూనే ఉంది. ఆయన నోరు విప్పితే ఎక్కడివారో తెలిసిపోతుంది, ఆ రోజుల్లో అది ఆడుకునే సంగతి కాదు. నాయన ఆయనను ఎగాదిగా చూసి, రండి సారు, కానీ దవాఖాన చేరేదాకా పెదవి కదపొద్దు, ఎవరేమడిగినా నేనే చెబుతానన్నాడు. సైకిళ్లకు గాలి తీసేస్తున్నారని విని నడకే సాగించాం.

ఆ నడక నేను మరిచిపోను. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఒంటి మీద ఒక్కొక్క చెమట చుక్క జారినప్పుడల్లా ఒక సున్నుండ కరిగిపోతున్నట్టు నాకు దిగులు. నా పక్కన, పుట్టి బుద్ధెరిగాక అయిదు నిమిషాలు మౌనంగా ఉండని మనిషి, పెదవులు బిగించుకుని, మాటలు లోపల కుక్కుకుని, మొహం ఎర్రగా చేసుకుని నడుస్తున్నారు. మూసారాంబాగ్ దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి పదిమంది కుర్రవాళ్లు మమ్మల్ని ఆపారు.

"యాడికి వోతున్రు? బంద్ అని తెల్వదా?"

"దవాఖానకు బిడ్డా. పిల్లను సూపియ్యాలె," అన్నాడు నాయన.

వాళ్లలో ఒకడు బాబాయిగారి ఇస్త్రీ చొక్కా వైపు చూసి, గీయనెవరని అడిగాడు. నాయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మా తమ్ముడు. పక్షవాతమొచ్చి మాట వడిపోయింది," అన్నాడు.

కుర్రవాళ్లు చెడ్డవాళ్లు కాదు. అప్పటిదాకా గదమాయించినవాడే అయ్యో అనుకుంటూ ముందుకు వచ్చి, బాబాయిగారి చెయ్యి పట్టుకుని, పైలం పెద్దాయనా అని ఆ రాళ్ల మధ్య నుంచి జాగ్రత్తగా అవతలికి దాటించాడు. బాబాయిగారు రెండు చేతులూ జోడించి దండం పెట్టారు. ఆ కళ్లలో నీళ్లు చూసి వాడు రోగం మూలాననుకున్నాడు. నేనైతే మలకపేట వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

మలకపేటలో ఒక ఇంటివాళ్లను మంచినీళ్లడిగాం. పోయిన చెమట బరువంతా వెనక్కి రావాలని నేను చెంబు మీద చెంబు తాగాను. ఆ ఇల్లాలు నన్ను చూసి భయపడింది. దాని ఫలితం ఆసుపత్రి వరండాలో వరుసలో నిలబడ్డాక తెలిసింది. తూకం ముగిసేదాకా ఎక్కడికీ వెళ్లకూడదు, వెళితే తాగిందంతా వృథా. ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదికి మారుతూ, దేవుడా ఈ వరుస కదిలించమని ప్రార్థన చేసుకున్నాను. అంత హృదయపూర్వకంగా నేను ఏ ఆరాధనలోనూ ప్రార్థించలేదు.

చివరికి నా పేరు పిలిచారు. నిలువెత్తు ఇనప యంత్రం, దానికి అడ్డంగా ఇత్తడి కడ్డీ. నర్సు కడ్డీ మీది బిళ్లను అటూ ఇటూ జరిపి, ఏడు స్టోన్ల మూడు పౌండ్లు అని చెప్పింది. డాక్టరమ్మ తల ఎత్తకుండా రాసుకుని తరువాతి అమ్మాయిని రమ్మంది. నేను యంత్రం దిగలేదు. ఏడు అన్న మాట చెవిన పడింది గానీ, తొమ్మిది కిలోలు తక్కువున్న నాకు అది ఎలా వస్తుంది, ఎక్కడో పొరపాటు జరిగింది, దిగితే దిద్దేస్తారని భయం. ఇది చాలా అమ్మగారూ అని గొణిగాను. డాక్టరమ్మ కళ్లజోడు పైనుంచి చూసి, మూడు పౌండ్లు తక్కువున్నా తీసుకునేదాన్నే, ఇక దిగమ్మా అని నవ్వింది. దిగాను, దిగి ముందుగా ఎక్కడికి పరుగెత్తానో మీరు ఊహించుకోగలరు. బతికాననిపించిన ఆ రెండు రకాల హాయి ఒక్కసారే కలగడం నాకు మళ్లీ జరగలేదు.

బయట మెట్ల మీద నాయనా బాబాయిగారూ నా మొహం చూస్తూనే లేచి నిలబడ్డారు. సంగతి చెప్పాను. నాయన కండువాతో మొహం కప్పుకున్నాడు. బాబాయిగారు అక్కడి గుమాస్తాను అడిగి వచ్చి, వేళ్ల మీద లెక్క వేసుకుని, మెట్టు మీద కూలబడ్డారు. స్టోనుకు పద్నాలుగే, కిలోకు రెండు మీద ఇంకొంచెం. మొత్తం నలభై నాలుగున్నర కిలోలు ఉంటే చాలు. అంటే మొదటి ఆదివారం నాడు నాకు కావలసింది కిలోన్నర. "ఏమండీ మేస్త్రీ గారూ, నేను లెక్క తప్పు కట్టానండీ! పిల్లను అన్యాయంగా ఏడిపించానండీ!" అని ఆయన వాపోతుంటే, నాయన ఆయన భుజం పట్టుకుని, "తప్పైతే ఏమాయె తమ్మీ, బిడ్డ పాసాయె," అన్నాడు. అప్పటికి ఆ చుట్టుపక్కల అన్నదమ్ములమని నటించాల్సిన అవసరమేమీ లేదు. ఆ రోజునుంచి సారన్న పిలుపు మా ఇంట్లో వినబడలేదు.

పెట్టెలు సర్దుకున్న ఆ కుటుంబం ఎక్కడికీ పోలేదు. గొడవలు సద్దుమణిగాక పిన్నిగారు బట్టలు మళ్లీ దండెం మీద ఆరేసింది. నేను ఇంగ్లండు వెళ్లాను, పని నేర్చుకున్నాను, వచ్చి ఇక్కడే ఆసుపత్రిలో విరమణ దాకా చేశాను. తరువాత వాళ్లు చంపాపేటలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. నాయనను చర్చి వెనక సమాధి చేసిన రోజున, మట్టి వేయడానికి అన్నదమ్ములెవరైనా ఉంటే ముందుకు రమ్మని పాస్టరుగారు పిలిస్తే, కర్ర ఊతంగా బాబాయిగారు వచ్చారు. ఎవరండీ మీరని ఎవరో అడిగారు. తమ్ముణ్ణి అన్నారాయన, ఆ ఒక్కమాటే, తన గుంటూరు యాసలోనే, అందరికీ వినిపించేలా.

ఇప్పుడు అదే దారిలో మెట్రో నడుస్తోంది. మూసారాంబాగ్ స్టేషనులో ఎక్కితే ఒక సీటులో మా యాస, పక్క సీటులో వాళ్ల యాస, ఎవరూ గొంతు తగ్గించుకోరు, ఎవరూ ఎవరివైపూ అనుమానంగా చూడరు. అది చూసినప్పుడల్లా గుండెల మీద నుంచి ఏదో దించినట్టు ఉంటుంది. కొలతలూ అంతే, చేతిలో ఫోన్ ఉన్నాక ఇప్పుడు ఎవరూ లెక్క తప్పు కట్టరు, కట్టనక్కరలేదు. నాకు కావలసింది కిలోన్నరేనని ఆ మొదటి రోజే తెలిసి ఉంటే రెండు ఆదివారాల్లో పని అయిపోయేది, నేనూ అంత ఏడ్చేదాన్ని కాదు. కానీ అప్పుడు, మాటలు ఆగిపోయిన ఆ వేసవంతా, మా రెండు ఇళ్లూ దేన్ని గురించి మాట్లాడుకునేవో నాకు తెలియదు.